ఫుకెట్ బిగ్ బుద్ధ: నా వ్లాగ్‌లో కట్ చేసిన పది నిమిషాలు

ఈరోజు ఎపిసోడ్‌లో మ్యూజిక్ లేదు, డ్రోన్ షాట్స్ లేవు. కూర్చుని మాట్లాడతా, అంతే. కొంచెం ఓపిగ్గా వినండి.

2024 జనవరిలో నేను, మా తమ్ముడు ఫుకెట్ వెళ్లాం. థాయ్‌లాండ్ మనవాళ్లకి వీసా అక్కర్లేదని చెప్పి రెండు మూడు నెలలే అయింది. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి ఫుకెట్. వాడి బీటెక్ అయిపోయింది, నాకు జాబ్ మానేసి ఏడాది. ఆ వ్లాగ్ మీలో చాలామంది చూశారు. కొండ మీద తెల్లటి పెద్ద బుద్ధుడు, వెనక నీలం సముద్రం, రెండు స్కూటీలు, ఇద్దరు అన్నదమ్ములు. మన ఛానెల్‌లో బాగా ఆడిన వీడియోల్లో అదొకటి.

అందులో నేనొక మాట అన్నా. "స్కూటీ తీసుకోండి, పావుగంటలో పైకి వెళ్లిపోవచ్చు, ట్యాక్సీ వేస్ట్." ఫుల్ కాన్ఫిడెన్స్‌తో అన్నా. కింద ఎమోజీ కూడా పెట్టా.

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నీ వీడియో చూసి 2024 ఏప్రిల్‌లో మేం కూడా స్కూటీ మీదే వెళ్లాం. దిగేటప్పుడు పడ్డాం. నా ఫ్రెండ్‌కి కాలర్ బోన్ విరిగింది. ఆ దిగుడు అలా ఉంటుందని ఒక్క ముక్క చెప్పలేదేంటన్నా?"

ఆ మెసేజ్‌కి నేను మూడు రోజులు రిప్లై ఇవ్వలేదు. ఇవ్వలేకపోయా. ఎందుకంటే అదే దిగుడులో మా తమ్ముడు కూడా పడ్డాడు. ఆ పది నిమిషాల ఫుటేజ్ నా దగ్గర ఉంది. ఎడిటింగ్‌లో నేనే తీసేశా.

సో, ఆ పది నిమిషాలు ఇప్పుడు చెప్తా. ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

ఫుకెట్ అంటే అండమాన్ సముద్రంలో ఒక దీవి. థాయ్‌లాండ్‌లో అన్నిటికంటే పెద్ద దీవి. దాని దక్షిణం వైపు నాకెర్డ్ అని ఒక కొండ, సుమారు 400 మీటర్ల ఎత్తు. ఒకవైపు చలాంగ్ బే, ఇంకోవైపు కాటా, కరోన్ బీచ్‌లు. ఆ కొండ నెత్తి మీద బుద్ధుడు కూర్చుని ఉంటాడు. ఎత్తు 45 మీటర్లు, కింద పద్మం వెడల్పు 25 మీటర్లకి కొంచెం పైన. మన హుస్సేన్ సాగర్ బుద్ధుడు 18 మీటర్లు. అలాంటి ఇద్దరిని ఒకరి మీద ఒకరిని నిలబెట్టినా ఇంకా తొమ్మిది మీటర్లు తక్కువ పడుతుంది. పైగా మన ఆయన నిలబడి ఉన్నాడు, ఈయన కూర్చుని ఉన్నాడు. దగ్గర దగ్గర పదిహేను అంతస్తుల అపార్ట్‌మెంట్ అనుకోండి.

మనది ఒకే రాతిలో చెక్కింది. ఇది అలా కాదు. లోపల కాంక్రీట్, పైన మయన్మార్ నుంచి తెచ్చిన తెల్ల పాలరాయి పలకలు. 2004లో పని మొదలైంది. జనం ఇచ్చిన విరాళాలతో కట్టుకుంటూ వచ్చారు. అప్పట్లో ఎవరైనా డబ్బు ఇచ్చి ఒక పాలరాయి ముక్క మీద పేరు రాసే వీలుండేది. మేం వెళ్లినప్పుడు అలా పేర్లు రాసిన పలకలు వరసగా పేర్చి ఉన్నాయి, ప్రపంచంలో ఉన్న భాషలన్నీ అక్కడే ఉన్నట్టు అనిపించింది. మా తమ్ముడు అమ్మ పేరు తెలుగులో రాశాడు. అది వీడియోలో ఉంది, మీరు చూశారు.

మేం వెళ్లినప్పుడు టికెట్ లేదు. షార్ట్స్, స్లీవ్‌లెస్ వేసుకుంటే కప్పుకోవడానికి గుడ్డ ఇచ్చేవాళ్లు. రావి ఆకు ఆకారంలో చిన్న చిన్న రేకులు, గంటలు కట్టి ఉంటాయి, గాలికి గలగలమంటాయి. పక్కనే ఇత్తడి బుద్ధుడు ఇంకొకాయన, పన్నెండు మీటర్లు. చేతిలో తినేది ఏదైనా కనిపిస్తే కోతులు లాగేసుకుంటాయి. ఆ విషయంలో మన తిరుమలకి, అక్కడికి తేడా ఏం లేదు.

ఇక ఆ రోజు. సాయంత్రం వెలుగు బంగారంలా ఉంటుంది కదా, ఆ టైమ్‌కి పైన ఉండాలని నా ప్లాన్. లేట్ అయింది. పైకి వెళ్లాక నేను కెమెరా పట్టుకుని పరుగులు. అందరూ తలెత్తి పైకే చూస్తున్నారు. మా తమ్ముడు మాత్రం ఒకటి అడిగాడు.

"అన్నా, ఆ కుడి చెయ్యి చూడు. మోకాలి మీద నుంచి కిందకి పెట్టాడు. ఎందుకు?"

"స్టైల్ రా. ఇటు జరుగు, ఫ్రేమ్‌లోకి వస్తున్నావ్."

ఇదే నేను చెప్పిన ఆన్సర్. గుర్తుంచుకోండి, మళ్లీ ఇక్కడికి వస్తా.

కాటా బీచ్‌లో సన్‌సెట్ దొరకాలి. "పద పద, లైట్ పోతోంది" అన్నా. వాడు "స్లోగా వెళ్దాం అన్నా, ఎక్కేటప్పుడే భయమేసింది" అన్నాడు. నేను వినలేదు. "నువ్వు ముందు వెళ్లు, నేను వెనక నుంచి షూట్ చేస్తా" అన్నా. ఛాతీకి కెమెరా పెట్టుకుని వాడి వెనకాలే దిగుతున్నా.

మెయిన్ రోడ్డు నుంచి పైకి సుమారు ఆరు కిలోమీటర్లు. వంపులు, వాలు. ఎక్కేటప్పుడు ఇంజిన్ మొరాయిస్తుంది కాబట్టి జాగ్రత్తగా ఉంటాం. దిగేటప్పుడు ఇంజిన్ చప్పుడే ఉండదు, హాయిగా జారుతుంది. ప్రమాదం అక్కడే ఉంది.

నేను చదివింది మెకానికల్, చేసింది సాఫ్ట్‌వేర్. ఆ మెకానికల్ ఆ రోజు అక్కరకి రాలేదు, ఈరోజు మీకోసం వాడతా. మన యాక్టివా లాంటి గేర్ లేని బండిలో థ్రాటిల్ పూర్తిగా వదిలేస్తే, స్పీడ్ కొంత తగ్గాక లోపల క్లచ్ విడిపోతుంది. అంటే ఇంజిన్‌కి, చక్రానికి సంబంధం తెగిపోయింది. గేర్ బండి అయితే తక్కువ గేర్‌లో ఇంజినే బండిని వెనక్కి లాగి పడుతుంది. స్కూటీకి ఆ సాయం లేదు. వాలులో దాన్ని ఆపేది బ్రేక్ ఒక్కటే. మనం భయంతో బ్రేక్ పట్టుకునే ఉంటాం. కిలోమీటర్ల కొద్దీ పట్టుకునే ఉంటే అది వేడెక్కుతుంది. బాగా వేడెక్కితే పట్టు పోతుంది. లివర్ నొక్కుతూనే ఉంటావ్, బండి మాత్రం ఆగదు.

మా తమ్ముడికి అదే అయింది. వంపులో ఇసక. వాడు బ్రేక్ గట్టిగా నొక్కాడు, ముందు చక్రం జారింది. వాడు కుడి చెయ్యి నేలకి ఆనించి పడ్డాడు. హెల్మెట్ ఉంది, అందుకే ఈరోజు ఇంత మామూలుగా చెప్పగలుగుతున్నా.

రోడ్డు పక్కన పళ్లు అమ్ముకునే ఆవిడ పరుగెత్తుకొచ్చింది. మా అమ్మ వయసు ఉంటుంది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, మాకు థాయ్ రాదు. బాటిల్‌తో నీళ్లు తెచ్చి వాడి చేతి మీద పోసింది, రాళ్లు, ఇసక కడిగింది. తర్వాత నా వైపు చూసి నా ఛాతీ వైపు వేలు చూపించింది. ఏంటా అని చూసుకున్నా. కెమెరా ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆవిడ ఏం అనలేదు. నాకే తల కిందకి పోయింది.

మణికట్టు దగ్గర ఎముక విరిగింది. హాస్పిటల్, ఎక్స్‌రే, కట్టు, మందులు. బిల్లు చూస్తే మా ఇద్దరి ట్రిప్ ఖర్చు మొత్తం కంటే ఎక్కువ. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందిగా అనుకున్నా. కంపెనీ పేరు చెప్పను, వాళ్ల తప్పు కూడా కాదు. పేపర్లలో స్పష్టంగా రాసి ఉంది, ఆ దేశంలో చెల్లే లైసెన్స్ లేకుండా బండి నడిపితే క్లెయిమ్ రాదని. మా తమ్ముడికి ఇండియా లైసెన్స్ ఉంది, ఇంటర్నేషనల్ పర్మిట్ లేదు. నా దగ్గర కూడా లేదు. అద్దెకిచ్చిన షాప్‌వాడు అడగలేదు, మేం చెప్పలేదు. ఆయన అడిగింది పాస్‌పోర్ట్ మాత్రమే. డిపాజిట్‌గా ఇచ్చేశాం. బండికి గీతలు పడ్డాయని ఆయన చెప్పిన డబ్బు కట్టేదాకా పాస్‌పోర్ట్ మా చేతికి రాలేదు.

ఆ రాత్రి హోటల్ రూమ్‌లో వాడు మంచం మీద, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద. ఎడమ చేత్తో ఫోన్ చూస్తున్నాడు. ఉన్నట్టుండి అన్నాడు.

"అన్నా, ఆ చెయ్యి స్టైల్ కాదంట."

చదివి చెప్పాడు. దాన్ని భూమిస్పర్శ ముద్ర అంటారు. సిద్ధార్థుడు బోధి చెట్టు కింద కూర్చున్నప్పుడు మారుడు సైన్యంతో వచ్చి, "ఈ ఆసనం మీద కూర్చునే అర్హత నీకుందని సాక్ష్యం ఎవరు చెప్తారు?" అని అడిగాడంట. మారుడి వైపు వేలమంది ఉన్నారు. ఈయన ఒక్కడే. అప్పుడు కుడి చెయ్యి చాపి నేలని తాకాడు. నా సాక్షి భూమి అన్నట్టు.

థాయ్‌లాండ్‌లో ఈ కథకి ఇంకో ముక్క కూడా ఉంది. అక్కడ భూదేవిని మే తొరనీ అంటారు. బుద్ధుడు వెనకటి జన్మల్లో దానం చేసిన ప్రతిసారీ నీళ్లు వదిలాడు కదా, ఆ నీళ్లన్నీ ఆవిడ తన జుట్టులో దాచుకుందంట. మారుడు వచ్చినప్పుడు పైకి వచ్చి, జడ పిండింది. వరదొచ్చింది. సైన్యం కొట్టుకుపోయింది.

మనకి ఇది కొత్త విషయం కాదు, ఆలోచించండి. దానం చేసేటప్పుడు మనం నీళ్లు వదులుతాం. కన్యాదానంలో చూసే ఉంటారు. అందుకే "ఆస్తి అంతా ధారపోశాడు" అంటాం. ఓర్పు గురించి చెప్పాలంటే "భూదేవంత ఓర్పు" అంటాం. రోజూ వాడే మాటలే. ఆ ఓర్పుకి కూడా ఒక లెక్క ఉంటుందని, పోసిందంతా ఎక్కడో జమ అవుతూనే ఉంటుందని ఆ థాయ్ కథ విన్నాకే నాకు తట్టింది.

కథ చెప్పి మా తమ్ముడు కట్టు కట్టిన చెయ్యి చూపించి నవ్వాడు. "నేను కూడా భూమిని తాకాను అన్నా. నాకు సాక్షి నీ కెమెరా."

వాడు జోక్‌గానే అన్నాడు. నేను మాత్రం ఆ సాక్షి నోరు నొక్కేశా.

ఇంటికొచ్చాక అమ్మకి బాత్‌రూమ్‌లో జారాడని చెప్పాం. వ్లాగ్ ఎడిట్ చేస్తూ ఆ పది నిమిషాలు తీసేశా. మూడ్ పాడవుతుందని నాకు నేను చెప్పుకున్నా. నిజం ఏంటంటే, అది ఉంచితే "లైట్ పోతోంది పద" అన్న నా గొంతు కూడా ఉంటుంది. అది జనం వినడం నాకు ఇష్టం లేదు. ట్యాక్సీ వేస్ట్ అన్న ముక్క మాత్రం ఉంచేశా. బాగుంది కదా, పంచ్ లాగా.

అక్కడితో అయిపోయిందనుకున్నా. అవ్వలేదు.

2024 ఆగస్టు 23, తెల్లవారుజాము. ఫుకెట్‌లో రాత్రంతా కుండపోత. నాకెర్డ్ కొండ వాలు నుంచి మట్టి, చెట్లు, రాళ్లు కలిసి కరోన్ వైపు ఇళ్ల మీదకి జారాయి. 13 మంది చనిపోయారు. అందులో టూరిస్టులుగా వచ్చిన రష్యన్లు ఉన్నారు, పని కోసం మయన్మార్ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. పైన బుద్ధుడి పాలరాయి ఏ దేశం నుంచి వచ్చిందో, ఆ దేశం నుంచే వీళ్లూ వచ్చారు. రాయి కొండెక్కింది, మనుషులు కొండ కింద గదుల్లో ఉన్నారు.

వెంటనే అందరూ కొండ పైకి చూశారు. పైన చేసిన పనులు దీనికి కారణమా అని. అటవీ శాఖ వాళ్లు, అనుమతి ఇచ్చిన హద్దు దాటి అడవి భూమిలో పనులు జరిగాయని చెప్పారు. ఆ చోటుని సందర్శకులకి మూసేశారు. వానే కారణమా, తవ్వకమా, రెండూనా అని చాలా వాదన నడిచింది. నేను జడ్జిని కాదు, తీర్పు చెప్పను. ఇంజినీరింగ్ చదివినవాడిగా ఒక్కటి చెప్పగలను. ఫుకెట్ కొండలు ఎక్కువగా గ్రానైట్. అక్కడి ఎండకి, వానకి పైపొర కుళ్లి వదులు మట్టి అవుతుంది. దాన్ని పట్టి ఉంచేది చెట్ల వేళ్లు. వాలుని కోసి చదును చేస్తే నీళ్లు వెళ్లే దారి మారుతుంది. నీళ్లు మట్టిలో నిండితే బరువు పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. ఇక్కడ కూడా బ్రేక్ కథే. పట్టు పోయేదాకా ఏం తెలియదు. పోయాక ఆగదు.

నా ఫుటేజ్ మళ్లీ తీసి చూశా. 45 మీటర్ల విగ్రహం నలభై రకాల యాంగిల్స్‌లో ఉంది. కొండ వాలు ఒక్క షాట్‌లో కూడా లేదు. కింద కరోన్ ఇళ్లు ఒక చోట కనిపిస్తాయి, మబ్బుగా, ఫోకస్ లేకుండా. బుద్ధుడి చెయ్యి నేల వైపే చూపిస్తోంది. నేను ఆ చేతిని కూడా జూమ్ చేశా, అది చూపించే చోటు మాత్రం చూడలేదు.

ఇది వాళ్ల దేశం గొడవ అనుకోకండి. అదే ఏడాది జూలై 30న వయనాడ్. ఫుకెట్ తర్వాత సరిగ్గా ఎనిమిది రోజులకి, ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి మనవాళ్లు చనిపోయారు. ఇంకొంచెం వెనక్కి వెళ్తే 1990లో మన హుస్సేన్ సాగర్ బుద్ధుణ్ణి పడవ మీద తీసుకెళ్తుంటే విగ్రహం నీళ్లలో పడిపోయింది, పనిచేస్తున్న మనుషులు చనిపోయారు. 1992 డిసెంబర్‌లో విగ్రహాన్ని తీసి నిలబెట్టాం. దాని ముందు సెల్ఫీ దిగినవాళ్లం లక్షలమంది ఉంటాం. ఆ చనిపోయినవాళ్లలో ఒక్కరి పేరు మనలో ఎంతమందికి తెలుసు? నాకు తెలియదు.

మాది వైజాగ్. భీమిలి రోడ్డులో తొట్లకొండ ఉంది, సముద్రం వైపు చూస్తూ. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవాళ్లు. ఆకాశమంత విగ్రహం ఏదీ లేదు. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి, వాననీళ్లు పట్టుకోవడానికి. కొండకి ఆ పేరు వాటి వల్లే వచ్చింది. చిన్నప్పుడు స్కూల్ వాళ్లు తీసుకెళ్తే "ఏముందిరా ఇక్కడ, గుంటలు" అనుకున్నా. ఫుకెట్ నుంచి వచ్చాక మళ్లీ వెళ్లా. కొండ మీద పడే నీళ్లు ఎటు పోతాయో చూసుకుని బతికినవాళ్లు అనిపించింది.

పెద్ద విగ్రహాలు కట్టకూడదు, చూడకూడదు అని నేను అనట్లేదు. ఆ బుద్ధుడి ముందు నిలబడితే ఒళ్లు పులకరించిన మాట నిజం. మళ్లీ వెళ్లే అవకాశం వస్తే వెళ్తా కూడా. ఈసారి కిందకి కూడా చూస్తా.

ఇప్పుడు ఆ తమ్ముడికి నేను చెప్పాల్సిన, అప్పుడే వీడియోలో చెప్పాల్సిన విషయాలు. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి. వెళ్లేముందు ఆ చోటు తెరిచి ఉందో లేదో చూసుకోండి. నా పాత వీడియో చూసి బయల్దేరొద్దు.

రెండు. విదేశంలో బండి నడపాలంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. మన ఆర్టీఓ ఇస్తుంది, ఫీజు వెయ్యి రూపాయలు, ఏడాది చెల్లుతుంది. మీ లైసెన్స్‌లో టూవీలర్ ఉందా అనేది కూడా చూసుకోండి. కారు లైసెన్స్ బైక్‌కి పనికిరాదు.

మూడు. ఇన్సూరెన్స్ పేపర్‌లో టూవీలర్ గురించి ఏం రాశారో కొనేముందు చదవండి. నాలాగా హాస్పిటల్ బెంచీ మీద కూర్చుని చదవకండి.

నాలుగు. పాస్‌పోర్ట్ డిపాజిట్‌గా ఇవ్వొద్దు. జిరాక్స్ ఇవ్వండి, క్యాష్ డిపాజిట్ అడగండి, ఒప్పుకోకపోతే ఇంకో షాప్. బండి తీసుకునేటప్పుడే చుట్టూ వీడియో తీసుకోండి.

ఐదు. వాలులో దిగడం. మొదలయ్యేముందే స్పీడ్ తగ్గించండి. రెండు బ్రేక్‌లు కలిపి నొక్కి వదలండి, పట్టుకునే ఉండొద్దు. మధ్యలో ఆగండి, బ్రేక్ చల్లారనివ్వండి. ఇసక కనిపిస్తే వంపుకి ముందే నెమ్మదించండి, వంపులో కాదు. ఇద్దరికీ హెల్మెట్. కొండ రోడ్ల అలవాటు లేకపోతే ట్యాక్సీ. ట్యాక్సీ వేస్ట్ కాదు. ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నా.

ఆరు. మీతో వచ్చినవాళ్లు "స్లోగా వెళ్దాం" అంటే, స్లోగా వెళ్లండి.

పాత వ్లాగ్ డిలీట్ చేయట్లేదు. కట్ చేసిన పది నిమిషాలు కలిపి మళ్లీ అప్‌లోడ్ చేస్తున్నా, నా గొంతుతో సహా. మా తమ్ముణ్ణి అడిగా, ఓకే అన్నాడు. ఆ పళ్లు అమ్మే ఆవిడ ముఖం మాత్రం కనిపించకుండా చేశా, ఆవిణ్ణి నేను అడగలేదు కదా.

నిన్న అమ్మకి ఫోన్ చేసి నిజం చెప్పా. తిడుతుందనుకున్నా. "నాకప్పుడే తెలుసురా. బాత్‌రూమ్‌లో పడితే చేతికి అన్ని గీతలు ఎలా పడతాయి? మీరే చెప్తారని చూస్తున్నా" అంది. ఇన్నాళ్లు చూసింది. భూదేవంత ఓర్పు అని ఊరికే అనలేదు.

సరే ఫ్రెండ్స్. మెసేజ్ పెట్టిన తమ్ముడూ, నీకు ఇదే నా రిప్లై. సారీ. నీ ఫ్రెండ్‌కి ఎలా ఉందో రాయి.

వచ్చే ఎపిసోడ్ తొట్లకొండ మీద. నడిచే వెళ్దాం. ఉంటా మరి.